ఆఫీసు పెట్టెలో నాన్న లారీ

డ్రాయింగ్ సెక్షన్‌లోని పాత కంప్యూటర్లు ఎనిమిదింటినీ ఒకే రోజు పీకేసి, కారిడార్‌లో గోడవారన వరసగా పెట్టారు. మర్నాటికల్లా వాటిమీద ఎవరో తడిగొడుగు ఆరబెట్టారు. అది చూసి డాక్టరమ్మ మనసు చివుక్కుమంది. గొడుగు తీసి కిటికీకి తగిలించింది.

ఆమె వైద్యం చదివిన డాక్టరు కాదు. ఆ ఆఫీసులో పదకొండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ఎవరి మిషను మొరాయించినా వచ్చి, ముందు దాని వీపుమీద చెయ్యి వేసి వేడి చూస్తుంది. తర్వాత "ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడుగుతుంది. ఆ వాలకం చూసి ఎవరో ఆ పేరు పెట్టారు, అది అతుక్కుపోయింది. ఇప్పుడు ఆఫీసులో సగం మందికి ఆమె అసలు పేరు తెలియదు.

ఆ ఎనిమిది పెట్టెలూ ఆమె చేతులమీదుగా వచ్చినవే. వంతెనల బొమ్మలూ, మేడల బొమ్మలూ గీయడానికి ఏరికోరి కొన్నవి. ఒక్కోటీ ఇనప్పెట్టెంత బరువు. గాడిదచాకిరీ చేయించుకున్నన్నాళ్ళు చేయించుకుని, కొత్తవి రాగానే కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు.

"కావలిస్తే సిబ్బంది ఒక్కోటి పట్టుకెళ్ళచ్చట, తుక్కు ధరకే" అన్నాడు స్టోర్సు గుమాస్తా. "ఏం చేసుకుంటారులెండి, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోడానికి తప్ప."

"మూడోది నా పేరున రాయండి."

"మూడోదే ఎందుకు?"

"దాని ఫ్యాను నిరుడే మార్చాను. అదింకా బతకాల్సినది."

ఆమె మనసులో ఉన్నది వేరే. మధ్యాహ్నం భోజనాల వేళ కొత్త కంప్యూటర్ మీద ఒక కుర్ర ఇంజినీరు లారీ నడిపే ఆట ఆడుతుంటే ఆమె వెనక నిలబడి చూసింది. స్టీరింగు, అద్దాలు, వాన పడితే వైపర్లు, ఎదురుగా కొండచుట్టు రోడ్డు. చూస్తున్నంతసేపూ ఆమెకి నాన్నే గుర్తొచ్చాడు.

నాన్న ముప్ఫయ్యేళ్ళు లారీ నడిపాడు. నాలుగేళ్ళ కిందట బ్రేకులు పట్టక లారీ రోడ్డు దిగి వంతెన గోడకి కొట్టుకుంది. ఆయన కుడికాలు మోకాలి దాకా తీసేశారు. పక్క సీట్లో ఉన్న మామయ్య అక్కడే పోయాడు. మామయ్య అంటే అమ్మకి తమ్ముడు. మూడేళ్ళప్పుడే తల్లిని పోగొట్టుకుని, అక్క చంకలో పెరిగినవాడు. అక్కకి పెళ్ళయితే అక్కతోనే వచ్చేశాడు. పెద్దయ్యాక బావ లారీకే రెండో డ్రైవరయ్యాడు. పెళ్ళి మాటెత్తితే "ముందు బావకి రిటైర్‌మెంట్ ఇప్పించనీ, తర్వాత చూద్దాం" అని నవ్వేవాడు.

ఆ రోజు తర్వాత నాన్న కిటికీ పక్క కుర్చీకి అంకితమైపోయాడు. కింద పెద్ద రోడ్డు. పోయే ప్రతి లారీనీ చూడకుండానే చెవితో పోల్చుకునేవాడు. "క్లచ్చి ప్లేటు అరిగింది. వారం తిరక్కుండా దారిలో కూర్చుంటాడు" అని గోడకి చెప్పినట్టు చెప్పేవాడు. ఇంక ఆ రోజుకి ఆయన నోట వచ్చే పెద్ద మాట అదే.

అమ్మ ఆ గదిలోనే ఇంకో మూల కుట్టుమిషను ముందు కూర్చుని బడిసంచులు కుట్టేది. తమ్ముడి ఫొటో ఆమె మిషను పైన గోడకి ఉంది. భర్తమీద ఈగ వాలనిచ్చేది కాదు. ఆమె అక్క ఒకసారి, చావింట్లోనే, "మీ ఆయన నిద్రపోయుంటాడే" అంది. అంతే. ఆ రోజునుంచి అమ్మ ఆ అక్క గడప తొక్కలేదు, ఫోనెత్తలేదు. నాలుగేళ్ళు.

డాక్టరమ్మ పెట్టెని బస్సులో, పక్క సీట్లో పెట్టుకుని తెచ్చింది. కండక్టరు దానిక్కూడా టిక్కెట్టు కొట్టాడు.

"ఏమిటది?" అన్నాడు నాన్న.

"లారీ" అంది.

*

పని మూడు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం మూత తీయగానే గది నిండా దుమ్ము లేచింది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "తండ్రీకూతుళ్ళు కలిసి ఇల్లు షెడ్డు చేసేశారు" అని విసుక్కుంది. కానీ చాలా రోజుల తర్వాత ఆ విసుగులో ఉప్పూకారం ఉన్నాయి.

డాక్టరమ్మ అనుకోనిది ఒకటి జరిగింది. నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇదేమిటి, బ్యాటరీయా?"

"పవర్ సప్లై నాన్నా. బయటి కరెంటుని లోపల అన్నిటికీ పంచుతుంది."

"పాతబడిందిగా, మార్చవా?"

"మార్చలేను. ఈ మిషను చేసినవాళ్ళు ప్లగ్గులన్నీ వాళ్ళకి తోచినట్టు పెట్టుకున్నారు. బజార్లో దొరికేది ఇందులో ఇమడదు. ఆటకి కావలసిన బొమ్మల కార్డు, దీనికున్న ఓపికలోనే నడిచేది వెతకాలి."

"అంటే ఇంజిన్నిబట్టి లోడన్నమాట."

"అదే."

ఆయన తల పంకించాడు. తనకి తెలిసిన భాషలో ఎవరో మాట్లాడినట్టు ఆయన మొహం విప్పారింది.

వేడి లాగేయడానికి ప్రాసెసరు మీద పూసిన పేస్టు పదేళ్ళకి ఎండి సున్నంలా అయింది. స్పిరిట్‌లో గుడ్డ ముంచి, ఆయనే దాన్ని తుడిచాడు. అరగంట తుడిచాడు. కింద లోహం మెరిసేదాకా వదల్లేదు. కొత్త పేస్టు ఆమె కందిగింజంత పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "కొంచెం తగ్గించు. గ్రీజు ఎక్కువైనా తక్కువైనా తిట్లు తినేది డ్రైవరే" అన్నాడు. ఊడదీసిన స్క్రూలు ఏ చోటివి ఆ చోటికి పోవాలని తన మందుబిళ్ళల డబ్బా గదుల్లో విడివిడిగా వేసి, ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట మందులు అమ్మే ఏరి ఇవ్వాల్సి వచ్చింది.

రెండో వారం ఆమె పాత సామాన్ల దుకాణానికి వెళ్ళింది. తెరమీద బొమ్మని పరిగెత్తించే గ్రాఫిక్స్ కార్డు కావాలి, విడిగా కరెంటు తీగ అడగనిది కావాలి. దుకాణదారు బల్ల కింద దూరి, వెతికి వెతికి ఒకటి తీశాడు.

"ఇది ముసలిదే మేడమ్, కానీ మోసం చెయ్యదు. పిల్లలకా?"

"మా నాన్నకి."

అతను ఆమెని ఎగాదిగా చూసి, ఒక స్టీరింగు చక్రం కూడా తీసి బల్లమీద పెట్టాడు. అంచున తోలు చిరిగింది. "పెడల్‌లలో ఒకటి విరిగింది. అందుకే ఎవరూ కొనలేదు" అన్నాడు.

"ఏది విరిగింది?"

"యాక్సిలరేటరు."

"మాకు అది అక్కర్లేదు" అంది డాక్టరమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, అతనికి కనపడకుండా సంచీ సర్దుకుంది. నాన్నకి ఆ పెడల్ మీద వేసే కాలు లేదు. ఆ పని స్టీరింగు వెనకున్న మీటకి అప్పగించచ్చు. బ్రేకుకి ఎడంకాలు చాలు.

మూడో ఆదివారం అన్నీ ఒకచోట చేరాయి. కార్డు పొడుగు ఎక్కువై, హార్డు డిస్కు పెట్టే అర అడ్డొచ్చింది. డిస్కుల్ని ఆఫీసువాళ్ళు ముందే తీసేసుకున్నారు కాబట్టి ఆ అరని మొత్తంగా ఊడదీసి, అరచేతిలో ఇమిడే కొత్త డిస్కుని పక్కగోడకి బిగించింది. మెమరీ ఇంకో రెండు ముక్కలు వేసింది. మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర వెలగలేదు. పెట్టె కీచుకీచుమని మూడుసార్లు కూసింది.

"పాపం, ఏడుస్తోందే" అంది అమ్మ మూలనుంచి.

"ఏడవడం లేదమ్మా, ఎక్కడ నొప్పో చెబుతోంది."

మెమరీ ముక్క ఒకటి సరిగ్గా కూర్చోలేదు. టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కింది. ఈసారి తెర వెలిగింది. నాన్న రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫలితం వినబోయేవాడిలా కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆయన మొదటిసారి బండి కదిపాడు. ముందు స్టీరింగు మరీ తేలిగ్గా ఉందన్నాడు. అద్దాలు సరిగ్గా లేవన్నాడు. మీట వేలితో నొక్కడం కుక్కతోక పట్టుకుని ఈదినట్టుందన్నాడు. తర్వాత నోరు మూశాడు. తెరలో ఊరు దాటింది, పొలాలు వచ్చాయి, మలుపు వచ్చింది. మలుపులో ఆయన ఒళ్ళు దానంతట అదే ఒక పక్కకి ఒరిగింది. లేని కాలు కూడా కదిలిందేమో, లుంగీ అంచు అదిరింది.

అమ్మ టీ తెచ్చి ఇచ్చి, పక్కనే నిలబడిపోయింది.

"అచ్చం అలాగే ఉందండీ" అంది కాసేపటికి. "వాడుంటే ఇక్కడ స్టూలేసుకుని కూర్చుని, దారి చెప్పేవాడు మీకు."

తెరలో లారీ వేగం తగ్గింది.

*

ఆ తర్వాత నెలరోజులు ఇల్లు ఇల్లులా ఉంది. పొద్దున్నే నాన్న గడ్డం గీసుకునేవాడు. "ఇవాళ సిమెంటు లోడు" అనో, "పాలు, ఆలస్యమైతే విరిగిపోతాయి" అనో చెప్పి మరీ బండెక్కేవాడు. భోజనానికి పిలిస్తే "బండి పక్కన పెట్టొస్తా" అనేవాడు. అమ్మ కొంగులో నవ్వుకునేది. డాక్టరమ్మ ఆఫీసులో పని చేసుకుంటూనే తనలో తాను పొంగిపోయేది. ఎన్ని మిషన్లు బాగుచేసినా ఎవరూ ఇంత బాగుపడలేదు.

అలాంటిది ఒక శనివారం ఆమె ఇంటికి వచ్చేసరికి తెర ఆపేసి ఉంది. స్టీరింగు మీద తువ్వాలు కప్పి ఉంది. నాన్న కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గరికి పోయింది.

"ఏమైంది నాన్నా?"

"పాడైంది. తీసెయ్యి."

"ఏం చేస్తోంది?"

"నడుస్తూ నడుస్తూ చీకటి పడిపోతోంది. మళ్ళీ వస్తోంది. మళ్ళీ చీకటి." ఆయన చెప్పేది కిటికీకి చెబుతున్నాడు. "వద్దమ్మా. తీసెయ్యి దాన్ని."

కార్డు ముసలిది కదా, ప్రాణం మీదికి వచ్చుంటుందనుకుంది. మర్నాడు మూత తీసింది. కార్డు పీకి, దాని కాళ్ళు రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టింది. తెరకి పోయే తీగ మార్చింది. చెయ్యి వేసి వేడి చూసింది, జ్వరం లేదు. పవర్ సప్లై నీరసించిందేమోనని మీటరు పెట్టి కొలిచింది, అదీ బాగానే ఉంది. ఇంక దారి లేక తనే స్టీరింగు ముందు కూర్చుని, రోగం బయటపడేదాకా నడుపుదామనుకుంది. నాన్న అటు తిరిగి కూర్చున్నాడు. అమ్మ సంచులు కుడుతోంది.

రెండు గంటలు నడిపింది. ఏమీ కాలేదు. మూడో గంటలో తెరలోని డ్రైవరు ఆవులించిన చప్పుడు వినిపించింది. ఉన్నట్టుండి తెర పైనుంచీ కిందనుంచీ నలుపు మూసుకొచ్చి, రెప్పపాటులో విడిపోయింది. కింద మూల చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో వచ్చింది. చదివి, ఊపిరి పీల్చుకుంది.

"నాన్నా, మిషన్‌కేం కాలేదు. అది ఆటలో భాగం. ఎక్కువసేపు ఆపకుండా నడిపితే డ్రైవరుకి నిద్రొస్తుందట. కళ్ళు మూతపడ్డట్టు చూపిస్తోంది. ఎక్కడైనా బండి ఆపి పడుకోమంటోంది." నవ్వు కూడా వచ్చింది. "వద్దనుకుంటే తీసెయ్యచ్చు. ఒక్క టిక్కు కొడితే చాలు, ఇంక నిద్రే రాదు."

నాన్న ఇటు తిరిగాడు. ఆ మొహం చూసి ఆమె నవ్వు మొహం మీదే ఆరిపోయింది.

"నాకు తెలుసమ్మా అదేమిటో" అన్నాడు. "ఆ అక్షరాలు చదవడం రాకపోయినా తెలుసు. సరిగ్గా అలాగే ఉంటుంది."

ఒక క్షణం ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక గబుక్కున అమ్మ వైపు చూసి, గొంతు తగ్గించి, "ఇప్పుడెందుకు నాన్నా" అంది.

"ఇంకెప్పుడు?"

ఆయన భార్యని పిలిచాడు. "ఇదిగో, ఆ మిషను ఒకసారి ఆపు."

కుట్టుమిషను ఆగింది.

"ఆ రోజు బ్రేకులు బాగానే ఉన్నాయి" అన్నాడు. "మధ్యాహ్నం భోంచేసి బయల్దేరాం. తిన్నగా ఉన్న రోడ్డు, ఎండ. కళ్ళు లాగుతున్నాయి. వాడు కనిపెట్టాడు. 'బావా, నువ్వు పడుకో, నేను పట్టుకుంటా' అన్నాడు. ఇంకో అరగంటలో ఊరొస్తుంది కదా అని నేనే వద్దన్నాను. ఒక్క కునుకు. కళ్ళు తెరిచేసరికి వంతెన గోడ."

కింద రోడ్డుమీద బళ్ళు పోతూనే ఉన్నాయి.

"ఆసుపత్రిలో ఎవరో వచ్చి 'బ్రేకులు పట్టలేదా' అని అడిగారు. నా నోట్లోంచి మాట రాలేదు, తలూపాను. వాళ్ళు రాసుకున్నారు. నువ్వొచ్చేసరికి అందరూ అదే అంటున్నారు. నువ్వూ అదే అన్నావు. ఇంక కాదనడానికి నాకు దమ్ము చాలలేదు."

అమ్మ గొంతు మామూలుగానే ఉంది, అందుకే భయం వేసింది డాక్టరమ్మకి.

"ఎన్నిసార్లు అడిగాడు వాడు?"

"రెండుసార్లు."

"రెండోసారి ఏమన్నారు?"

"కసిరాను."

ఆమె సూది కింద ఉన్న సంచీ తీసి, దారం కత్తిరించింది. దాన్ని మడిచి మిగతావాటి మీద పెట్టింది. లోపలికి వెళ్ళి చీరలు నాలుగు సంచీలో పెట్టుకుని వచ్చింది. గోడమీది ఫొటో తీసి వాటి మధ్య దోపుకుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ కూతురితో, "పెద్దమ్మ దగ్గరికి వెళ్తున్నా" అంది. భర్త వైపు చూడలేదు.

*

పందొమ్మిది రోజులు ఆమె రాలేదు. డాక్టరమ్మ పొద్దున్నే లేచి వండి, నాన్న తెగిన కాలి మొండికి మందు రాసి ఆఫీసుకి పోయేది. సాయంత్రం వచ్చేసరికి కంచం పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఆ పెట్టెని ఎందుకు తెచ్చానా అని ఆమె వెయ్యిసార్లు అనుకుంది. ఆ ఒక్క టిక్కు ముందే కొట్టి ఉంటే, ఆయనే చెప్పకుండా ఉంటే, అమ్మ ఇంకా టీ తెచ్చి పక్కన నిలబడేది. మళ్ళీ, నెలరోజులుగా ఆయన గడ్డం గీసుకుంటూ, పాలు, సిమెంటు అని నవ్వుతూ లోపల ఏం మోశాడో తలుచుకుంటే అదీ తప్పనిపించేది. ఎటూ తేలేది కాదు.

ఒక ఆదివారం పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. అమ్మ వరండాలో కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది.

"అక్క నన్ను ఒక్క మాట అనలేదే" అంది. "నేను ముందే చెప్పానుగా అని ఒక్కసారన్నా అంటుందనుకున్నా. అని ఉంటే బావుండేది. తనతో పోట్లాడుకునైనా ఏడ్చేదాన్ని."

"ఇంటికి రామ్మా."

"వచ్చి ఏం చెయ్యను? ఆయన్ని చూస్తే వాడు కనపడతాడు. చూడకపోతే ఆయన తిన్నాడో లేదో అనిపిస్తుంది."

ఇరవయ్యో రోజు సంచీ పట్టుకుని తనే వచ్చింది. ఫొటో ఉన్న చోటే తగిలించింది. ఆ రాత్రి వంట ఆమే చేసింది. అయితే ఆయనతో మాట లేదు. ఏం చెప్పాలన్నా మధ్యలో కూతురే. "మీ నాన్నని భోజనానికి రమ్మను." "మీ నాన్న మందులు అయిపోయాయేమో చూడు." ఆయన అరడుగు దూరంలోనే ఉండేవాడు. "విన్నానని చెప్పు" అని కూడా అనేవాడు కాదు, లేచి వచ్చేవాడు.

అలా వానాకాలం గడిచి, చలి మొదలైంది. ఇంట్లో ఎవరూ ఆ పెట్టె జోలికి పోలేదు. ఆఫీసులో కొత్తగా చేరిన ఒక టైపిస్టు, తన కొడుక్కి ఆడుకోడానికి కంప్యూటర్ కావాలని అడిగింది. ఇచ్చేస్తానని మాటిచ్చి, ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ బల్లకి బిగించిన స్టీరింగు మరలు విప్పుతోంది. నాన్న కిటికీ దగ్గర ఉన్నాడు. అమ్మ మిషను తొక్కుతోంది.

తొక్కుతున్నది ఆపి, వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆ రోజు వాడేం తిన్నాడు?"

డాక్టరమ్మ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆ మాట తనకి కాదు.

"కడుపునిండా తిన్నాడు" అన్నాడు నాన్న. "రెండోసారి వేయించుకున్నాడు. ఉప్పు తక్కువైందని హోటలు వాడితో తగువు పెట్టుకున్నాడు. 'మా అక్క చేతి వంట ఒక్కసారి తిను, ఈ హోటలు మూసేసుకుంటావు' అన్నాడు."

అమ్మ వీపు కదిలింది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"ఇంకా?"

"పక్క కొట్లో దువ్వెన కొన్నాడు. 'తల దువ్వుకోకుండా ఇంటికెళ్తే అక్క గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది' అన్నాడు. బండెక్కాక అద్దంలో చూసుకుంటూ దువ్వుకున్నాడు. పాట పాడాడు. వాడికి సగం పాటే వచ్చేది కదా, ఆ సగమే తిప్పి తిప్పి పాడాడు. తర్వాత నాకు..."

"తర్వాతది వద్దు" అంది ఆమె. "ముందుది చెప్పండి."

ఇన్ని నెలల తర్వాత ఆమె ఆయన్ని నేరుగా అన్న మాటలవే. దాంతో ఏదో తీరిపోయిందనుకునేంత పిచ్చిది కాదు డాక్టరమ్మ. సాయంత్రం మళ్ళీ "మీ నాన్నని పిలువు" అనే అంటుందని తెలుసు. అయినా స్క్రూడ్రైవరు చప్పుడు కాకుండా కింద పెట్టి, నేలమీదే కూర్చుంది.

నాన్న కుర్చీని కిటికీ నుంచి ఇటు తిప్పుకుని, మామయ్య ఆ రోజు నిద్ర లేచిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.